పని రోజుల షుగరు

జామ్ కార్ఖానా వెనక ఇల్లు
జూన్ 4

అక్కకి,

మూడు రోజులుగా ముసురు. కట్టెలు తడిసి పొయ్యి సరిగ్గా అందుకోవడం లేదు. నారింజ లోడు ఆదివారమే దిగింది. ఆగితే కుళ్ళిపోతుంది. నిన్న పద్నాలుగు గుండిగలు దించేసరికి ఏడయింది. మామూలుగా పన్నెండుతో అయిదింటికే ముగుస్తుంది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరు. నాకు షుగరు ఉందట. మార్చిలో పాదం మీద పాకం చుక్క పడి కాలింది. ఇరవై ఆరేళ్ళలో అలాంటివి ఎన్ని పడలేదు! వారంలో మానేవి. ఇది మానలేదు. ఊళ్ళో డాక్టరమ్మ చూసి రక్తం తీయించింది. మూడు నెలల సగటు తొమ్మిదిన్నర అంది. ఆరున్నర దాటితేనే షుగరట.

"మాత్ర ఒక్కటే ఇస్తాను. మిగతాది నీ తిండి, నీ నడక. అక్టోబరు మొదట్లో మళ్ళీ చూస్తాను. ఏడున్నరకి దిగకపోతే పొయ్యి దగ్గర నిలబడకూడదని మీ కార్ఖానాకి నేనే కాగితం రాస్తాను" అంది.

"పాకం మేస్త్రిని పొయ్యి దగ్గర నిలబడొద్దంటే ఎలాగమ్మా?" అన్నాను.

"పాదం లేకుండా నిలబడగలవా?" అంది. ఆ మనిషికి నవ్వడం రాదు.

నాకు వేరే పని చేతకాదని నీకు తెలుసు. నీకు ఆరేళ్ళుగా షుగరు ఉంది కదా, ఏం తింటున్నావో, ఎంత నడుస్తున్నావో వివరంగా రాయి. నీ మరదలు నీ కుశలం అడగమంది.

నీ తమ్ముడు

—

కుట్టు గది
జూన్ 14

తమ్ముడికి,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు తగ్గలేదు. స్కూళ్ళు తెరిచే ముందు కాబట్టి బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. మధ్యాహ్నం మిషను ఆపి రాస్తున్నాను.

పళ్ళెంలో సగం కూరలు ఉండాలి. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, ఏది దొరికితే అది. మిగిలిన పావే అన్నం. ముందు కూర తిను, ఆఖర్న అన్నం తిను. టీలో చక్కెర మానెయ్యి. వారం రోజులు కషాయంలా ఉంటుంది, తర్వాత అదే అలవాటవుతుంది. పొద్దున నలభై నిమిషాలు నడు. రాత్రి తినగానే మంచం ఎక్కకుండా పది నిమిషాలు నడు. మెత్తటి చెప్పులు కొనుక్కో. రోజూ పాదం అడుగు చూసుకో, కనపడకపోతే అద్దం కింద పెట్టుకుని చూడు. వేలు గుచ్చి చూసే మిషను ఒకటి కొనుక్కుని రాసిపెట్టు.

ఇదంతా డాక్టరమ్మ చెప్పే ఉంటుంది. ఆవిడ చెప్పనిది నేను చెబుతాను. షుగరు వచ్చినవాడు అబద్ధాలకోరు అవుతాడు. ఊళ్ళోవాళ్ళ సంగతి అటుంచు, ముందు తనతో తనే చెప్పుకుంటాడు. నువ్వేమో చక్కెర గుండిగల మధ్య బతికేవాడివి. జాగ్రత్త.

అక్క

—

కార్ఖానా వెనక ఇల్లు
జూలై 8

అక్కకి,

నువ్వు రాసినట్టే చేస్తున్నాను. పళ్ళెంలో అన్నం చూస్తే పిచ్చుకకి పెట్టినట్టుంది. టీ చక్కెర లేకుండానే తాగుతున్నాను. పొద్దున అయిదున్నరకి లేచి తోటల వెంట కాలవ వంతెన దాకా వెళ్ళి వస్తాను. మూడు కిలోలు తగ్గాను. నిక్కరు తాడుతో కట్టుకుంటున్నాను.

కార్ఖానాలో పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను. ఒకళ్ళ పుట్టినరోజని కేకు పంచితే మూతలు బిగించే ఆవిడకి ఇచ్చేశాను. "ఏం మేస్త్రీ, సన్యాసుల్లో కలుస్తున్నావా?" అని నవ్వింది.

అయినా మిషను నన్ను లెక్కచేయడం లేదు. పొద్దున పరగడుపున నూట యాభై ఉంటే, సాయంత్రం పని నుంచి వచ్చేసరికి రెండువందల అరవై. మిషను పాడయిందేమోనని కార్ఖానా గుమస్తా వేలు గుచ్చి చూశాను. అతనికి తొంభై ఎనిమిది. అతను ఇంకా నాతో మాట్లాడటం లేదు.

ఇక అసలు సంగతి. కిందటి గురువారం వంతెన మీద చెప్పు సరిచేసుకుంటూ వెనక్కి చూస్తే, చింకి గొడుగు చాటున నీ మరదలు. వాన లేదు. ఎండ రాలేదు.

"ఏమిటిది?" అన్నాను.

"నేనూ నడుద్దామని."

"నూరడుగుల వెనకా?"

"నువ్వు టీ కొట్టు దగ్గర ఆగుతావో లేదో చూద్దామని వచ్చాను. చాలా?"

ఇరవై రెండేళ్ళ కాపురంలో నా జేబులు వెతకని మనిషి. ఇప్పుడు చొక్కా ఉతికే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. కార్ఖానా చొక్కాకి జామ్ వాసన కాక మరేం వస్తుంది? ఎవరో దీనికి నూరిపోశారని నా నమ్మకం. ఎవరై ఉంటారంటావు?

నీ తమ్ముడు

—

కుట్టు గది
జూలై 17

తమ్ముడికి,

నేనే. నువ్వు ఉత్తరం రాసిన వారానికే మరదలికి రాశాను. వాడి వెంట ఉండు, జేబులు చూడు, వాసన చూడు అన్నాను. చింకి గొడుగు మాత్రం దాని సొంత తెలివి.

కోపం తెచ్చుకో, పరవాలేదు. తెచ్చుకునే ముందు ఇది చదువు.

నా ఎడమ కాలి వేళ్ళు రెండు ఇస్త్రీ పెట్టె పడి పోయాయని మీ అందరికీ చెప్పాను. ఇస్త్రీ పెట్టె పడలేదు. షుగరు పుండు మానక తీసేశారు. అప్పుడు నా బొత్తాల డబ్బాలో సగం బొత్తాలు, సగం చక్కెర బిళ్ళలు. దారం తెగినప్పుడల్లా ఒకటి వేసుకునేదాన్ని. డాక్టరు అడిగితే ఏమీ తినడం లేదనేదాన్ని. మీ బావ అడిగితే ఏడ్చేదాన్ని. ఏడిస్తే ఇంక అడగరు. ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఆయన డబ్బా విప్పి చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బా మాత్రం ఇంటికి తేలేదు. ఈ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు తెలిసింది.

అందుకే నీ ఉత్తరాలు చదివితే నాకు భయంగా ఉంది. నువ్వు రాసినదాంట్లో ఒక్క తప్పూ లేదు. నేనూ అలాగే చెప్పేదాన్ని.

ఎక్కడ తింటున్నావో చెప్పు. తిట్టను.

అక్క

—

కార్ఖానా వెనక ఇల్లు
ఆగస్టు 9

అక్కకి,

కాలివేళ్ళ సంగతి రెండుసార్లు చదివాను. నీ మీద కోపం లేదు. కాని నేను నువ్వు కాదు. నేను తినడం లేదు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం.

నమ్మరని తెలిసే కారణం నేనే పట్టుకున్నాను. రాసిపెట్టిన కాగితాలన్నీ నేల మీద పరిచి వరసగా చూశాను. ఆదివారం సాయంత్రాలు నూట నలభై, నూట అరవై. మిగతా ఆరు రోజులూ రెండువందల యాభైకి తగ్గలేదు. ఆదివారమూ అదే తిండి, అదే నడక. తేడా ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో తింటాను, మిగతా రోజులు కార్ఖానాలో డబ్బా తింటాను.

నీ మరదలు కట్టిన డబ్బా నా చేతికి వచ్చే లోపల నాలుగు గంటలు పొయ్యి గట్టు మీద ఉంటుంది. వెచ్చగా ఉండాలని అక్కడ పెట్టేది పొయ్యి మండించే ఆయన. వయసు నాకంటే రెండేళ్ళు తక్కువ, పదకొండేళ్ళుగా నా పక్కన పని. అడుగుల చప్పుడు వినపడదని అందరూ పిల్లి అంటారు. తల తిప్పేసరికి వెనక ఉంటాడు. నేను పాకం చూస్తుంటే కళ్ళు ఆర్పకుండా చూస్తాడు. ఓసారి నేను జ్వరంతో పడుకుంటే ఆ రోజు గుండిగలు తనే దించాడట, బాగానే వచ్చాయట. నేను పోతే నా చోటు ఎవరికి వస్తుంది?

కూరలో చక్కెర నీళ్ళు కలిపితే తెలియకపోతుందా అంటావేమో. నాకు తెలియకపోవచ్చు అక్కా. మధ్యాహ్నానికి నా నాలుక మొద్దుబారి ఉంటుంది. అది వాడికి తెలుసు.

డబ్బాకి చిన్న తాళం పెట్టాను. మర్నాడు చూస్తే తాళం మీద మసి వేలిముద్రలు. "ఏమిటివి?" అన్నాను.

"డబ్బా ఎత్తితే మసి అంటదా మేస్త్రీ? నా చేతులు ఎప్పుడు తెల్లగా ఉన్నాయి?" అన్నాడు.

"నా డబ్బా ఎందుకు విప్పుతున్నావు?"

"నీ డబ్బాలో ఏముందని? గడ్డి. నా పెళ్ళాం మేకకి కూడా అంతకంటే మంచిది పెడుతుంది."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కాగితాలు తీసుకెళ్ళి యజమాని ముందు పెట్టాను. ఆదివారాలు ఎర్ర పెన్సిలుతో గీసి చూపించాను. ఆయనకీ సబబుగానే తోచింది. తిండిలో కలిపేవాడు రేపు గుండిగలో ఏం కలుపుతాడో అన్నాడు. శనివారం పిల్లిని రావద్దన్నారు. వెళ్ళేటప్పుడు నా వైపు చూడలేదు.

ఇక నంబరు దిగుతుంది. చూస్తూ ఉండు.

నీ తమ్ముడు

—

కుట్టు గది
ఆగస్టు 17

తమ్ముడికి,

పిల్లి పోయాక పని రోజుల సాయంత్రం ఎంత ఉంది? అది రాయలేదు.

అక్క

—

కార్ఖానా వెనక ఇల్లు
ఆగస్టు 24

అక్కకి,

రెండువందల డెబ్బై. రెండువందల యాభై ఎనిమిది. రెండువందల అరవై నాలుగు.

డబ్బా ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే పెట్టుకుంటున్నాను. చల్లారిపోయినదే తింటున్నాను. కొత్తగా వచ్చిన పొయ్యి మనిషి దాని జోలికి రాడు. మరి ఇంకెవరు? నీ మరదల్ని అడిగాను, నువ్వేమైనా కలుపుతున్నావా అని. అడగకుండా ఉండాల్సింది. పళ్ళెం నా ముందు పెట్టి, "ఇదిగో, రేపట్నుంచి నీ వంట నువ్వే చేసుకో. కలిపితే నువ్వే కలుపుకున్నట్టు" అంది. నాలుగు రోజులుగా నేనే వండుకుంటున్నాను. నంబరు అంతే.

నీ తమ్ముడు

—

కుట్టు గది
ఆగస్టు 31

తమ్ముడికి,

ముందు మరదలికి క్షమాపణ చెప్పుకుని వంటింట్లోంచి బయటికి రా.

ఒక్క పని రోజు, లేచినప్పటి నుంచి పడుకునేదాకా, నువ్వు ఏం చేశావో గంట గంటకీ రాయి. ఏం తిన్నావో వద్దు, అది ఇదివరకే రాశావు. ఏం చేశావో రాయి. చెయ్యి ఎక్కడ పెట్టావో, ఎవరితో మాట్లాడావో, అంతా.

అక్క

—

కార్ఖానా వెనక ఇల్లు
సెప్టెంబరు 6

అక్కకి,

నిన్నటి రోజు రాస్తున్నాను. ఎందుకో నాకు అర్థం కాలేదు.

అయిదున్నరకి లేచాను. నూట నలభై ఎనిమిది. వంతెన దాకా వెళ్ళి వచ్చాను, తోవలో ఎవరూ కనపడలేదు. ఏడింటికి గుడ్లు రెండు, ఉడికించిన చిక్కుళ్ళు. ఏడున్నరకి కార్ఖానా. ద్రాక్ష వచ్చింది. కడిగేవాళ్ళు తొడిమలు సరిగ్గా తీయలేదని కేకలేశాను. ఎనిమిదింటికి మొదటి గుండిగ ఎక్కింది. పండు ఉడికాక పులుపు చూశాను, ద్రాక్ష బాగా పులుపుగా ఉంది, చక్కెర ఇంకో రెండు డబ్బాలు పోయించాను. మళ్ళీ చూశాను, సరిపోయింది. పాకం దగ్గరపడ్డాక చూసి దించమన్నాను. తొమ్మిదింటికి రెండోది ఎక్కించాం. కొత్తవాడు మంట ఎక్కువ పెట్టాడు. అడుగంటిందేమోనని రెండుసార్లు చూడాల్సి వచ్చింది. అంటలేదు. యజమాని వచ్చి పాకం వేడి చూసే గాజు గొట్టం ఎందుకు వాడవని మళ్ళీ అడిగాడు. అది కొని మూడేళ్ళయింది, సొరుగులో ఉంది. "గొట్టం కంటే ముందు నేను చెబుతాను" అన్నాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి డబ్బా తిన్నాను. అప్పటికి అయిదు దిగాయి. సాయంత్రానికి ఇంకో ఏడు. ఏ ఒక్కటీ పోలేదు. ఇంటికి వచ్చేసరికి రెండువందల అరవై ఒకటి.

రాత్రి కూర, చేప ముక్క, పిడికెడు అన్నం. పది నిమిషాలు వీధిలో తిరిగాను. పడుకున్నాను. ఇంతే నా బతుకు.

నీ మరదలు వంటింట్లోకి తిరిగి వచ్చింది. మాటలింకా లేవు.

నీ తమ్ముడు

—

కుట్టు గది
సెప్టెంబరు 13

తమ్ముడికి,

చూశాను అని రాశావు. మొదటి గుండిగకి మూడుసార్లు. రెండోదానికి ఇంకో రెండు ఎక్కువ.

ఎలా చూస్తావు? నాకు తెలుసు, అయినా నీ చేత రాయించాలని అడుగుతున్నాను. చెంచాతో తీసి, ఊది, నోట్లో వేసుకుని చూస్తావు. ఉమ్మేస్తావా, మింగుతావా? గుండిగకి మూడు చొప్పున పన్నెండు గుండిగలు. లెక్క నువ్వే వేసుకో.

నువ్వు అబద్ధం ఆడుతున్నావనుకున్నాను. ఆడలేదు. నా తప్పు. నా బొత్తాల డబ్బాతో నిన్ను కొలిచాను.

అక్క

—

కార్ఖానా వెనక ఇల్లు
సెప్టెంబరు 18

అక్కా,

అది తినడమా? అది పని. దర్జీ నోట్లో దారం తడిపితే దారం తిన్నట్టా? ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఏనాడూ ఒక చెంచా తినాలని తినలేదు. నాకు జామ్ అంటే ఇష్టం కూడా లేదు, ఇంట్లో సీసా ఉండదు. పాకం చూడనివాడు మేస్త్రి ఎలా అవుతాడు? ఇక ఈ విషయం రాయకు.

—

కార్ఖానా వెనక ఇల్లు
సెప్టెంబరు 20

అక్కకి,

మొన్నటి ఉత్తరం చింపెయ్యి.

నిన్న పని చేస్తున్నప్పుడు ఒక గ్లాసు పక్కన పెట్టుకున్నాను. పాకం చూసిన ప్రతిసారీ అదే చెంచాతో గ్లాసులో మంచినీళ్ళు పోశాను. నాలుగు గంటలకి గ్లాసు నిండింది. ఇంకా రెండు గుండిగలు మిగిలే ఉన్నాయి. మంచినీళ్ళ గ్లాసు, చిన్నది కాదు.

మూతలు బిగించే ఆవిడ చూసి, "ఎవరికి మేస్త్రీ ఆ నీళ్ళు?" అంది.

"నేను రోజూ తినే జామ్" అన్నాను.

"అమ్మ నాయనో, జీతం ఇచ్చి మరీ తినిపిస్తున్నారే! ఆ ఉద్యోగం నాకు ఇప్పించు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి కాసేపు అక్కడే ఉన్నాను.

ఇవాళ చెంచా నోట్లో పెట్టలేదు. సొరుగులోంచి గాజు గొట్టం తీశాను. చల్లటి పళ్ళెం మీద చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడాలి, అలా పాకం చూసుకున్నాను. నా మొదటి మేస్త్రి అలాగే చూసేవాడు. పులుపు చూడటానికి మాత్రం ఆడవాళ్ళని వంతులవారీగా పిలిచాను. ఒకామె చాలంటుంది, ఒకామె చాలదంటుంది. మూడో గుండిగ చప్పబడింది. యజమాని రుచి చూసి చెంచా కింద పెట్టాడు.

సాయంత్రం నూట డెబ్బై రెండు.

నీ మరదలికి చెప్పాను. పళ్ళెంలో కూర వడ్డించింది. తర్వాత, "పిల్లి సంగతేం చేస్తావు?" అంది.

నీ తమ్ముడు

—

కుట్టు గది
సెప్టెంబరు 26

తమ్ముడికి,

మరదలు అడిగిందే నేనూ అడుగుతున్నాను.

అక్క

—

కార్ఖానా వెనక ఇల్లు
అక్టోబరు 14

అక్కకి,

వానలు వెనకబట్టాయి. అనాస మొదలైంది. పళ్ళు చెక్కేవాళ్ళ చేతులు పొక్కిపోతున్నాయి, నూనె రాసుకుని పని చేస్తున్నారు. రోజుకి పది గుండిగలకి మించి దించలేకపోతున్నాం. గొట్టం పట్టుకుని నిలబడాలంటే నాకింకా చేతులు ఆడవు.

యజమాని దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎర్ర పెన్సిలు గీతలు నేనే తప్పుగా చదివానని చెప్పాను. ఆయన విని, "కొత్తవాణ్ణి పెట్టుకున్నాను కదా, ఇప్పుడెలా?" అన్నాడు.

"అతన్ని పొయ్యికి ఉంచండి. పిల్లిని గుండిగకి పెట్టండి. నేను పక్కన ఉండి చూపిస్తాను. పులుపు చూడటానికి నాకు నమ్మకమైన నోరు అతనిదే. వద్దంటే నా చోటు కూడా మీరే ఉంచుకోండి" అన్నాను. ఆయన రెండు రోజులు ఆలోచించి సరే అన్నాడు.

పిల్లి ఇంటికి వెళ్ళాను. కాలవ అవతల రెండు గదుల ఇల్లు. అతని భార్య సామాను కడుతోంది. కుర్చీ వేయలేదు. నేను గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను, గ్లాసు సంగతి కూడా.

"అయితే నీ డబ్బా నేను ముట్టలేదని తెలిసిందన్నమాట" అన్నాడు.

"తెలిసింది."

"ఊళ్ళో అందరికీ నేను తిండిలో కలిపేవాణ్ణని తెలిసింది. టీ కొట్టువాడు నా చేతికి గ్లాసు ఇచ్చి నా కళ్ళల్లోకి చూస్తున్నాడు. మా ఆవిడ తీసుకెళ్ళిన కూర పక్కింటివాళ్ళు తీసుకోలేదు. వాళ్ళకెవరు చెబుతారు?"

"నేను చెబుతాను. టీ కొట్టులో ఇవాళే చెప్పి వచ్చాను."

"చెప్పు. మంచిదే."

"గుండిగ నీది. మేస్త్రి జీతం. యజమాని ఒప్పుకున్నాడు."

అతను మూట తాడు ముడి బిగించాడు. "పదకొండేళ్ళు నిన్ను చూసి నేర్చుకున్నాను మేస్త్రీ. గుండిగ అంటే నాకు ఆశ లేదని అనను. కాని రేపు నీ నంబరు మళ్ళీ పెరిగితే నువ్వు ముందు ఎవరి వైపు చూస్తావు? నీకు అనుమానం తీరింది. నాకు తీరలేదు" అన్నాడు.

అతని భార్య మూట పట్టుకుని బయటికి వచ్చి, "జరుగు, దారి" అంది. జరిగాను.

డాక్టరమ్మ దగ్గరికి గురువారం వెళ్ళాను. సగటు ఏడు పాయింటు నాలుగు. చెంచా మానేసి మూడు వారాలే అయింది కాబట్టి ఇంకా దిగుతుందంది. పాదం పుండు మానింది, గులాబీ రంగు చర్మం వచ్చింది. కార్ఖానాకి కాగితం రాయనంది. "ఏం మార్చావు?" అని అడిగింది. చెప్పాను. రాసుకుంది. నడక, తిండి ఇలాగే సాగించమంది. సాగిస్తున్నాను. నీ మరదలు ఇప్పుడు పక్కనే నడుస్తోంది. మాట్లాడుతోంది, మునుపటంత కాదు.

పిల్లీ, అతని భార్యా సోమవారం పొద్దున ఆరూ నలభై బస్సుకి వెళ్ళిపోయారు. ఇటుక బట్టీలో పని దొరికిందట.

నీ తమ్ముడు